‘అత్తమ్మ నా మాట వినదు మేడం’: నేను తప్పుగా విన్న ఒక కేసు

ఈ కేసు రాయడానికి ఆ ఇంట్లో ముగ్గురూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. పేర్లు పెట్టకుండా కోడలు, పెద్దావిడ, కొడుకు అనే రాస్తున్నాను. నేను పదహారేళ్లుగా హైదరాబాద్‌లో కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఎదుటి మనిషిని మన మనసు ఎంత తొందరగా అర్థం చేసేసుకుంటుందో, ఆ తొందరలో ఎక్కడ తప్పటడుగు పడుతుందో చదువుకున్నాను, జూనియర్లకు పాఠం కూడా చెప్పాను. అయినా ఈ కేసులో మొదటి మూడు సెషన్లు ఆ తప్పు నేనే చేశాను. అందుకే రాస్తున్నాను.

ఎందుకొచ్చారు

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆరేళ్ల బాబు స్కూల్ ఆటో దిగి, కూకట్‌పల్లిలోని తమ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దాదాపు అరగంట నిలబడ్డాడు. ఆ రోజు వాళ్లమ్మకు ఆఫీసులో రివ్యూ మీటింగ్. పొద్దున్న హడావిడిగా బయల్దేరుతూ, చెప్పుల స్టాండ్ దగ్గర వంగి చెప్పులు వేసుకుంటూ, “అత్తమ్మా, ఇవాళ ఆటో మూడున్నరకే వస్తుంది, కిందికి దిగి బాబును తీసుకురండి” అని చెప్పింది. వంటగదిలో ఉన్న పెద్దావిడ ఇటు తిరిగి, తలూపి, “సరే సరే” అన్నారు. మూడున్నరకు ఎవరూ దిగలేదు. వాచ్‌మన్ బాబును తన కుర్చీలో కూర్చోబెట్టి కోడలికి ఫోన్ చేశాడు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవైంది. “నాకు చెప్పనే లేదు” అని పెద్దావిడ, “నా ముందే సరే అన్నారు” అని కోడలు. రెండు రోజుల తర్వాత టూర్ నుంచి వచ్చిన కొడుకు ఇద్దరి మాటా విని, ఎవరిని నమ్మాలో తెలియక నాకు ఫోన్ చేశాడు.

కోడలికి 34 ఏళ్లు. ఒక కంపెనీలో టీమ్ లీడ్, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. భర్తది సేల్స్ ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతాడు. పెద్దావిడకు 67. భర్త పోయాక, మూడేళ్ల కింద మిర్యాలగూడ దగ్గరి ఊరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నారు. షుగర్ లేదు, బీపీకి మాత్రం రోజూ మందు వేసుకుంటారు.

మొదటి సెషన్‌కు కోడలు ఒక్కతే వచ్చింది. విద్యానగర్‌లో నా క్లినిక్ మేడ మీద ఉంటుంది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే మొదలుపెట్టింది. “అత్తమ్మ నా మాట అస్సలు వినదు మేడం. ఆయన పిలిస్తే ఒక్క పిలుపుకే పలుకుతుంది. నేను నాలుగుసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ ఉండదు. నేను కాల్‌లో ఉంటే కావాలని టీవీ సౌండ్ పెంచుతుంది. ఏం చెప్పినా సరే అంటుంది, తర్వాత తనకు నచ్చిందే చేస్తుంది. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే.”

ఆ సామెతను నేను సామెతలాగే విన్నాను. మొత్తం కేసు ఆ ఒక్క వాక్యంలో ఉంది, నాకు అందలేదు.

ఆ రోజు నోట్స్ ఇప్పుడు నా ముందే ఉన్నాయి. “అత్తగారు కోడలి మాట వినరు, కొడుకు మాట వింటారు. మౌనంతో సాధించడం. ఇంట్లో తన చోటు పోతుందన్న భయం కావచ్చు” అని రాసుకున్నాను. చివరి వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాను. తెలుగులో ‘వినడం’ అనే మాట ఎన్ని పనులు చేస్తుందో అప్పుడు నాకు తట్టలేదు. చెప్పినట్టు చేయకపోయినా వినలేదంటాం, లెక్క చేయకపోయినా వినలేదంటాం, చెవికి అందకపోయినా వినలేదనే అంటాం. చెవిన పెట్టకపోవడం, పెడచెవిన పెట్టడం, చెవికెక్కకపోవడం, అన్నీ చెవి పేరుతో మనసును తిట్టే మాటలే. కోడలు “వినదు” అన్నప్పుడు ఈ అర్థాల్లో ఏదో ఒకటి నేను ఎంచుకోవాలి. ఎంచుకుంటున్నానన్న స్పృహ కూడా లేకుండా, స్వభావం మీదికి పోయే అర్థాన్నే పట్టుకున్నాను.

రెండో వైపు

రెండో సెషన్‌లో పెద్దావిడ వచ్చారు. చల్లటి మాట, నవ్వు మొహం. నా గదిలో ఫ్యాన్ తప్ప చప్పుడు లేదు. ఇద్దరం మోకాళ్లు తగిలేంత దగ్గరగా, ఎదురెదురుగా కూర్చున్నాం. మాట్లాడుతున్నంతసేపూ ఆమె నా మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. ఎంత శ్రద్ధగా వింటున్నారో అనుకున్నాను. అడిగిన ప్రతిదానికీ సరిగ్గానే జవాబు చెప్పారు.

“నా కొడుకు మాట్లాడితే మంచిగనే ఇనబడ్తది బిడ్డా. ఆమె కావాల్ననే నోట్లనే గొనుగుతది. ఫోన్ల దోస్తులతోని గలగల మాట్లాడ్తది, నాతోని మాట్లాడాల్నంటే మొకం పక్కకు పెడ్తది. నౌకరి చేస్తున్న అని గర్వం.”

ఒక సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు వణికింది. మూడు నెలల కింద ఒక రాత్రి కొడుకు అన్నానికి కూర్చున్నాడు. కోడలు స్టవ్ దగ్గర అటు తిరిగి ఉంది. టీవీ నడుస్తోంది. కోడలు కొడుకుతో “తప్పు అత్తమ్మది” అంది. “దేని మీద అన్నదో నాకు తెల్వదు. ఆ ముక్క మాత్రం చెవులారా విన్న. నేనేం తప్పు చేసిన? ఆనాటి సంది నాకు ఆ ఇంట్ల బుక్క దిగుతలేదు.”

మూడో సెషన్‌కు ముగ్గురినీ కూర్చోబెట్టాను. ఈ మాట ఎత్తగానే కోడలు నిర్ఘాంతపోయింది, “నేను అలా ఎప్పుడూ అనలేదు” అని ఏడ్చింది. కొడుకు తల పట్టుకున్నాడు. ఆ రోజు నా నోట్స్: “ఇద్దరిలో ఒకరు అబద్ధం, లేదా జ్ఞాపకం తారుమారు. ఇద్దరిదీ పట్టుదలే.” పెద్దావిడకు మతిమరుపు మొదలైందేమోనని కొడుకు పక్కకు పిలిచి అడిగాడు. చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష చేశాను, బాగానే చేశారు. మతిమరుపు లేదని తేలింది కాబట్టి కావాలనే చేస్తున్నారన్న నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. మూడో కారణం ఒకటి ఉండొచ్చన్న ఆలోచన రాలేదు.

నా తలలో ఏం జరిగింది

ఇక్కడ కొంచెం ఆగి చదువు సంగతి చెప్పాలి. ఇజ్రాయెల్‌కు చెందిన ఇద్దరు మనస్తత్వవేత్తలు, ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్, 1974లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. పూర్తి సమాచారం లేనప్పుడు మనసు లెక్కలు వేస్తూ కూర్చోదు, కొన్ని షార్ట్‌కట్‌లు వాడుకుంటుంది అని అందులో చూపించారు. అందులో ఒకటి, ఎదురుగా ఉన్నది మనకు తెలిసిన ఏ నమూనాను పోలి ఉందో చూసి అదేనని తేల్చేయడం. ఈ పని చేసినందుకు 2002లో కానెమన్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ట్వర్‌స్కీ అప్పటికే చనిపోయారు.

మన దగ్గర అత్తాకోడళ్ల నమూనా కంటే సిద్ధంగా ఉండే నమూనా ఏముంటుంది? అత్త పలకలేదంటే సాధిస్తోంది, కోడలు మెల్లగా మాట్లాడిందంటే పొగరు. సీరియళ్లలో చూసి ఉంటాం, చుట్టాల ఇళ్లలో చూసి ఉంటాం, నా అల్మారాలో అలాంటి ఫైళ్లు వరసగా ఉన్నాయి. అనుభవం ఇక్కడ నాకు అడ్డమైంది. కొత్తగా చేరిన జూనియర్ అయితే, ఆమెకు వినిపిస్తోందా అని మొదటి రోజే అడిగి ఉండేది అనిపిస్తుంది నాకు.

ఇంకోటి, నేను కోడలి కథ ముందు విన్నాను. సోలమన్ ఆష్ 1946లో చేసిన ప్రయోగం మా చదువులో అందరూ చదివేదే. తెలివైనవాడు, కష్టపడతాడు, దుడుకు, తప్పులు వెతుకుతాడు, మొండి, అసూయ అని ఒక మనిషి గురించి ఆరు మాటలు కొందరికి చదివి వినిపించాడు. ఇంకొందరికి అవే మాటలు కింది నుంచి పైకి చదివాడు. మంచి మాటలు ముందు విన్నవాళ్లకు ఆ మనిషి మొత్తంగా మంచివాడనిపించాడు. ముందు విన్న మాట, వెనక వచ్చే మాటల రంగు మార్చేస్తుంది. పెద్దావిడ నవ్వుతూ “సరే బిడ్డా” అన్నప్పుడల్లా నాకది పైపై నవ్వులాగే కనిపించింది.

ప్రశ్నలు కూడా అలాగే వేశాను. “ఇంకా ఎప్పుడెప్పుడు పట్టించుకోలేదు?” అని కోడలిని అడిగాను. అలా అడిగితే ఎవరికైనా పది సంగతులు గుర్తొస్తాయి. “మీరు చెప్పింది ఆమె ఒక్కసారికే విని చేసిన రోజు ఉందా? అప్పుడు మీరెక్కడ ఉన్నారు, ఆమె ఎక్కడ ఉన్నారు?” అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే నెలరోజులు మిగిలేవి.

వీటన్నిటికీ అడుగున ఉన్న పెద్ద షార్ట్‌కట్‌కు 1977లో లీ రాస్ అనే మనస్తత్వవేత్త పేరు పెట్టారు. తెలుగులో దాన్ని మూల ఆపాదన దోషం అనొచ్చు. ఎదుటివాళ్లు ఏదైనా చేస్తే వాళ్ల గుణమే అలాంటిది అనుకుంటాం, వాళ్లున్న పరిస్థితిని తక్కువ చేసి చూస్తాం. 1984లో జోన్ మిల్లర్ మైసూరులోని వయోజనులను, షికాగోలోని వయోజనులను పోల్చి చూసింది. ఎదుటివాళ్ల పనులకు కారణం చెప్పమంటే అమెరికన్లు స్వభావం మాటెత్తారు, మైసూరు వాళ్లు చుట్టూ ఉన్న పరిస్థితుల గురించి ఎక్కువ చెప్పారు. ఇది చదివి మనవాళ్లకు ఈ దోషం తక్కువని మురిసిపోయే రోజులు నాకూ ఉండేవి. కానీ నా గదిలో నేను చూసేది వేరు. పక్కింటివాళ్ల విషయంలో మనం పరిస్థితులను ఎంతైనా ఆలోచిస్తాం. ఒకే కప్పు కింద ఉండి మనసు నొప్పించినవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఉండదు.

ఓపిక అనే మాట ఊరికే వాడలేదు. డేనియల్ గిల్బర్ట్, ఆయన సహచరులు 1988లో చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఒక అమ్మాయి కంగారుగా మాట్లాడుతున్న వీడియో చూపించారు, శబ్దం తీసేసి. ఏ విషయం మాట్లాడుతోందో కింద అక్షరాల్లో వస్తుంది. కొందరికి సిగ్గుపడే విషయాలని చూపించారు, కొందరికి మామూలు విషయాలని. ఊరికే చూసినవాళ్లు, “అలాంటివి అడిగితే ఎవరైనా కంగారు పడతారు” అని సర్దుకున్నారు. ఇంకొందరికి ఆ విషయాల పేర్లు బట్టీ పట్టే పని కూడా అప్పజెప్పారు. కారణం వాళ్ల నోట్లోనే ఉంది. అయినా వాళ్లు ఆ అమ్మాయి స్వభావమే కంగారు అని తేల్చారు. ముద్ర వేయడానికి శ్రమ అక్కర్లేదు, సరిదిద్దుకోవడానికి కావాలి. తలలో వేరే బరువుంటే ఆ రెండో పని జరగదు. సాయంత్రం ఏడింటికి ఒక చెవిలో హెడ్‌సెట్, స్టవ్ మీద కుక్కర్, చేతిలో బాబు హోంవర్క్ పట్టుకుని “అత్తమ్మా” అని పిలిచే మనిషికి ఆ రెండో పనికి తీరిక ఎక్కడిది?

ఆషాఢం ఆదివారం

నాలుగో సెషన్ బోనాల రోజుల్లో పడింది. పెద్దావిడ ఒక్కరే ఉన్నారు. మాట్లాడుతుండగా మా వీధిలోకి ఊరేగింపు వచ్చింది. డప్పులు, విజిళ్లు, వెనక డీజే బండి. నేను లేచి కిటికీ వేయడానికి వెళ్లాను. గడియ బిగుసుకుపోయింది. దాంతో తంటాలు పడుతూ, వెనక్కి తిరక్కుండానే, “ఊళ్లో మీ ఇంట్లో బోనం ఎత్తేవారా అమ్మా?” అని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. మూడోసారి కాస్త గట్టిగానే అడిగాను.

ఆ రెండు మూడు క్షణాల్లో నా ఛాతీలో ఏదో చిన్నగా మండింది. ‘ఇష్టం లేకపోతే అసలు పలకరన్నమాట’ అని మనసులో పూర్తి వాక్యం తయారైపోయింది. కోడలు చెప్పింది నిజమే అని కూడా అనుకున్నాను. కిటికీ పడింది. వెనక్కి తిరిగాను. పెద్దావిడ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు, మొహంలో ఏ అలకా లేదు. నేను ఎదురుగా వచ్చి కూర్చుని అదే మాట అడిగాను. ఆమె మొహం విప్పారింది. “ఎత్తకపోదుమా బిడ్డా! మా అత్త ఉన్నప్పుడు కొత్త కుండకు పసుపు రాసి…” అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు చెప్పారు.

నేను కాగితం ఒకటి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను. మామూలు గొంతుతో, “అమ్మా, పొద్దున్న ఏం టిఫిన్ చేశారు?” అన్నాను. ఆమె నవ్వి తలూపి “సరే సరే” అన్నారు.

అదే “సరే సరే”. చెప్పుల స్టాండ్ దగ్గర కోడలు విన్నది అదే.

కాగితం తీసి, “అమ్మా, మీకు వినబడుతోందా?” అని మెల్లగా అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగు సర్దుకుంటూ, “మాట్లాడ్తున్నరని ఎరుకైతది బిడ్డా. ఏం మాట్లాడ్తున్నరో ఎరుక గాదు. ఇంకోపారి అడిగితే ఇసుక్కుంటరని సరే అంట” అన్నారు. ఎన్నాళ్ల నుంచి అంటే, భర్త పోకముందు నుంచే. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, “చెవిటిదాన్ని అంటరు” అన్నారు.

టెస్ట్

ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపాను. గులిమి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది, అది ముందు చూడాలి. కొంచెం ఉంటే తీశారు, తేడా లేదు. తర్వాత శబ్దం రాని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, పీప్ మన్నప్పుడల్లా బటన్ నొక్కించే ఆడియోమెట్రీ పరీక్ష. ఖర్చుకు జంకేవాళ్ల కోసం చెబుతున్నాను, ఈ పరీక్షలకు కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఆ పరీక్ష ఫలితం చూపించే ఆడియోగ్రామ్ గీత చూస్తే కొండ మీద నుంచి కిందికి దిగుతున్న దారిలా ఉంది. హెర్ట్జ్ అంటే శబ్దం ఎంత సన్నటిదో, కీచుగా ఉందో చెప్పే కొలత; డెసిబెల్స్ అంటే అది ఆమెకు వినబడాలంటే ఎంత గట్టిగా ఉండాలో చెప్పే కొలత. 500 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెల్స్, అంటే దాదాపు మామూలే. 2000 దగ్గర 50. 4000 దగ్గర 65. రెండు చెవులూ అంతే. వయసుతో వచ్చే వినికిడి లోపం చాలామందిలో ఇలాగే ఉంటుంది. లోపలి చెవిలో సన్నటి శబ్దాలు పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి. అచ్చుల్లో ఉండే బలం కింది ఫ్రీక్వెన్సీల్లో, అంటే తక్కువ హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది కాబట్టి అవి వినబడతాయి. స, ష, చ, త, ప లాంటి హల్లుల తేడా పట్టించే సన్నటి శబ్దం పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, అది పోతుంది. అందుకే “మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు” అన్న ఆమె మాట ఆడియోగ్రామ్ కంటే తేటగా ఉంది. చుట్టూ చప్పుడుంటే ఇంకా కష్టం. కొడుకుది బొంగురు గొంతు. పైగా టూర్ నుంచి రాగానే తల్లి మంచం పక్కన కూర్చుని, ఆమె మొహంలోకి చూస్తూ మాట్లాడతాడు. కోడలిది సన్నటి గొంతు, వేగం, ఎప్పుడూ ఏదో పని మధ్యలో, ఏదో గదిలోంచి. 60 దాటినవాళ్లలో 25 శాతానికి పైగా, జీవితానికి ఇబ్బందయ్యేంత వినికిడి లోపంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో ఎంతమందిని ఈ ప్రశ్న అడిగానని వెనక్కి చూసుకుంటే నాకు బాధేసింది.

ఐదో సెషన్‌లో ఆడియోగ్రామ్ ముగ్గురి ముందూ పెట్టాను. నా నోట్స్‌లో ఏం రాసుకున్నానో కూడా చదివి వినిపించాను. పెద్దావిడ చెయ్యి పట్టుకుని, “నేనూ మిమ్మల్ని తప్పుగా అనుకున్నానమ్మా” అని చెప్పాను. కోడలు చాలాసేపు ఆ గీతనే చూస్తూ కూర్చుంది. ఆమెకు ఊరట కలుగుతుందనుకున్నాను. ఆమె కోపంగా, “అంటే మూడేళ్లు తప్పంతా నాదేనా మేడం?” అంది. అదీ షార్ట్‌కటే. ఒకరి గుణం మీద వేసిన ముద్ర ఊడగానే ఇంకొకరి మీద వేయాలి, ఎవరూ దొరక్కపోతే మన మీద మనమే వేసుకోవాలి. ఆ రోజు మిగతా సమయమంతా ఆ ఒక్క మాట మీదే గడిపాం.

‘తప్పు’ అనగానే నాకు గుర్తొచ్చి, ఆ రాత్రి సంగతి మళ్లీ ఎత్తాను. “ఆ టైముకు స్టవ్ దగ్గర ఏం చేస్తున్నారు?” అని కోడలిని అడిగాను. బీపీ అని అత్తమ్మకు ఉప్పు తక్కువేసి రోజూ పప్పు వేరే గిన్నెలో తీసిపెడుతుందట. భర్త ఏ గిన్నెలోది వడ్డించుకోవాలని అడిగి ఉంటాడు. కొడుకు చటుక్కున తలెత్తాడు. “పప్పు అత్తమ్మది.” మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. గదిలో ఎవరం మాట్లాడలేదు. పప్పు, తప్పు, మధ్యలో ఒక్క హల్లు. కొడుకు తల్లి వైపు తిరిగి, మొహం దగ్గరగా పెట్టి, రెండు మాటలూ విడివిడిగా పలికి చూపించాడు. పెద్దావిడకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక కోడలి వైపు చూసి, “నా కొరకు అలగ్‌గ తీసిపెడ్తున్నవా?” అన్నారు. ఉప్పు తక్కువైందని ఆ పప్పును కూడా ఆమె మూడు నెలలుగా తిట్టుకుంటున్నారట.

పుస్తకం, అడగడం

చెవి మిషన్లు వచ్చాక అంతా సర్దుకుంటుందనుకోవడం పొరపాటు. మొదటి వారం ఆమె వాటిని పెట్టెలోనే ఉంచారు. గిన్నెల చప్పుడు సూదుల్లా గుచ్చుకుంటోందన్నారు. రోజుకు గంటతో మొదలుపెట్టి, నెలన్నరకు పగలంతా పెట్టుకునే దాకా వచ్చారు. ఇంట్లో మాట్లాడే తీరు మార్చాం. ముందు “అత్తమ్మా” అని పిలిచి, ఆమె ఇటు చూశాకే అసలు మాట. టీవీ మ్యూట్. అర్థం కాకపోతే అదే మాట అరవడం వద్దు, వేరే మాటల్లో చెప్పాలి. ముఖ్యమైన పని అయితే ఆమె తిరిగి చెప్పాలి: “మూడున్నరకు పోవాలె, అంతేనా?”

కోడలికి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమ వైపు కళ్లతో చూసింది, చెవులతో విన్నది. కుడి వైపు దాని గురించి తను అనుకున్నది. మొదటి వారం ఎడమ వైపు కూడా ఆమె “నిర్లక్ష్యంగా చూసింది” అని రాసుకొచ్చింది. చూడటం ఎడమ వైపుకు వస్తుంది, నిర్లక్ష్యం కుడి వైపుకు పోతుంది అని ఇద్దరం కలిసి ఒక్కో మాటనూ జరిపాం. నాలుగో వారం పేజీ ఇలా ఉంది. ఎడమ: “నేను లడ్డూల డబ్బా ఇస్తే తీసుకుని అల్మారాలో పెట్టింది, తినలేదు.” కుడి: “నేను తెచ్చాననే తినలేదు.” దాని కింద, వేరే రంగు పెన్నుతో: “అడిగాను. పన్ను నొప్పంట.”

ఆ మూడో లైను నేను చెప్పింది కాదు, తనే మొదలుపెట్టింది. నేను అప్పటిదాకా అందరికీ, “ఒక్కసారి వాళ్ల స్థానంలో ఉండి ఆలోచించండి” అని చెబుతూ వచ్చాను. ఎంతోమందికి చెప్పాను. కానీ టాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఎదుటివాళ్ల స్థానంలో ఉన్నట్టు ఊహించుకోమన్నప్పుడు వాళ్ల మనసును కచ్చితంగా కనిపెట్టడం పెరగలేదు. సూటిగా వాళ్లతో మాట్లాడి తెలుసుకున్నప్పుడే పెరిగింది. ఊహించుకోవడానికి కూడా మనం వాడేది మన తలే కదా. కోడలు అత్తమ్మ స్థానంలో ఎంతసేపు ఊహించుకున్నా, తన మంచి చెవులతోనే ఊహించుకునేది. నేనూ అంతే చేశాను.

అడగడం మన ఇళ్లలో తేలిక కాదు. కోడలు అడిగితే నిలదీసినట్టు ఉంటుంది, అత్త అడిగితే ఆరా తీసినట్టు ఉంటుంది. అందుకని వాక్యం ఎలా మొదలుపెట్టాలో గదిలోనే పలికించి నేర్పించాను: “నాకిట్లా అనిపించింది అత్తమ్మా, అవునా?” మొదట ఇద్దరికీ నోరు తిరగలేదు.

సర్దుకోనివి

అన్నీ చెవి వల్లే వచ్చాయని నేను చెప్పడం లేదు. ఒక పెళ్లిలో పెద్దావిడ చుట్టాల ముందు కోడలి వంట గురించి, జీతం గురించి చులకనగా మాట్లాడారు. అడిగితే ఒప్పుకున్నారు. అది మాటలు తారుమారవడం కాదు, నిజంగా నొప్పించడమే. దానికి ఆమె క్షమించమనలేదు, “కోపంల అన్న” అన్నారు. కోడలికి అది చాల్లేదు, చాలాలని నేనూ ఒత్తిడి చేయలేదు. ఈ కేసు చూపించి, అత్తింట్లో హింస పడుతున్న ఏ అమ్మాయికైనా ‘నువ్వే తప్పుగా అర్థం చేసుకున్నావు’ అని ఎవరైనా చెబితే నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పరిస్థితి ఏమిటో చూడాలి అంటే ఎవరినైనా వెనకేసుకురావాలని అర్థం కాదు.

మూడేళ్ల జ్ఞాపకాలు కూడా ఆడియోగ్రామ్ చూడగానే చెరిగిపోలేదు. “తెలుసు మేడం, వినబడలేదని తెలుసు. అయినా ఆ రోజు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది” అని ఎనిమిదో సెషన్‌లో కూడా కోడలు అంది.

మొదటిసారి వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే నా ఇంటేక్ ఫారంలో ఒక లైను చేర్చాను: వినికిడి, చూపు, నిద్ర, థైరాయిడ్. 50 దాటిన ప్రతి ఒక్కరినీ మొదటి సెషన్‌లోనే నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఎవరైనా ‘వినదు’, ‘పట్టించుకోదు’, ‘లెక్క లేదు’ అంటే, ఆ మాట కింద గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెడుతున్నాను. జవాబు దొరికేదాకా దాన్ని కొట్టేయను.

తొమ్మిది సెషన్ల తర్వాత ఆపాం. రెండు నెలలకు ఎలా ఉన్నారో కనుక్కుందామని ఇంటికి ఫోన్ చేశాను. పెద్దావిడ ఎత్తారు. గొంతు పట్టారు, బాగున్నావా బిడ్డా అన్నారు. కోడలు ఉందా అంటే, ఫోన్ పక్కకు పెట్టి కేకేశారు. లోపలి గదిలోంచి ఏదో సన్నగా వినిపించింది, నాకూ మాటలు తెలియలేదు. పెద్దావిడ మళ్లీ ఫోన్ తీసుకున్నారు.

“ఏందో అంటున్నది బిడ్డా. ఆగు, పోయి అడిగొస్త.”